గోవా నుంచి గుప్పెడు మన్ను

"అమ్మా, నువ్వు గోవ పోతున్నవట గద?"

అంట్లు తోముతున్న ముత్తవ్వ చెయ్యి ఆపి అడిగింది.

నాగకుమారి మురిసిపోయింది. చెరుకు నరుకుళ్లు అయిపోయాయి. బోధన్ పక్క క్యాంపులో వలసొచ్చి స్థిరపడ్డ కోస్తా రైతులంతా కలిసి బస్సు మాట్లాడుకున్నారు. గోవా మన దేశంలో కలిసి ఏడేళ్లే అయింది. పాత కోటలట, చర్చీలట, సముద్రమట. పెళ్లయి ఈ చెరుకు తోటల మధ్యకు వచ్చాక ఆమె సముద్రం మొహం చూసిందే లేదు.

"అవును ముత్తవ్వా. నీకేం తెమ్మంటావు? గాజులా?"

"గాజులెందుకమ్మ. గోవల అడుగువెట్టే జాగల గుప్పెడు మన్ను తే."

"మట్టా? దేనికి?"

"గది లేక నా పని ఒకటి ఆగింది. పదమూడేండ్ల సంది ఆగింది."

పక్కింటి రత్తమ్మ గోడ మీద నుంచి అందుకుంది.

"దీని మొగుడు గోవాలోనే ఉన్నాడంట నాగమ్మా. అక్కడ ఎవత్తెనో మరిగి ఇటు రావటం మానేశాడని ఊళ్లో చెప్పుకుంటారు. అయినా చూడు, బొట్టు మాత్రం రూపాయి కాసంత."

ముత్తవ్వ తల వంచుకుని గిన్నె తోముకుంది. పనిలో చేరి ఆర్నెల్లయినా ఆమె ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. ఆమె ఉతికిందంటే మాత్రం మరక ఉండదు. ఆ సంగతి రత్తమ్మ కూడా ఒప్పుకుంటుంది.

"మీ ఆయన పేరు చెప్పు. కనబడితే చెవి పట్టుకుని లాక్కొస్తా" అంది నాగకుమారి నవ్వుతూ.

ముత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పెనిమిటి పేరు నోటితోని చెప్తరా అమ్మ? మన్ను మాత్రం మరువకు."

"తెస్తాలే."

గోవా పొలిమేరలో బస్సు ఆగింది. రోడ్డు పక్కన ఒక రాయి పాతి, చుట్టూ అరుగు కట్టి ఉంది. అందరూ ఆ అరుగు మీద పులిహోర విప్పారు. హిందీ పరీక్ష పాసైన నాగకుమారి రాతి మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"గోవా కోసం వచ్చి పోర్చుగీసు వాళ్ల కాల్పుల్లో పోయినవాళ్లంట. రాజలింగు, నిజామాబాదు జిల్లా అని ఉందొకటి."

"మన జిల్లా వాడే పాపం. ఇంత దూరం వచ్చి పోయాడు. ఆ ఆవకాయ ఇటివ్వు" అంది రత్తమ్మ.

లేచేసరికి కొత్త తెల్లచీర అంచంతా ఎర్రమన్ను. నాగకుమారి విసుక్కుంటూ దులుపుకుని బస్సెక్కింది.

ఆ తర్వాత కోటలెక్కారు, చర్చీలు చూశారు, మోకాళ్ల లోతు సముద్రంలో నిలబడి చిన్నపిల్లల్లా కేరింతలు కొట్టారు. ముత్తవ్వ మన్ను ఎవరికి గుర్తు?

గుర్తొచ్చేసరికి బస్సు మంజీర ఒడ్డున ఉంది. బోధన్ కూతవేటు దూరం. అందరూ మొహాలు కడుక్కోవటానికి దిగారు.

అయ్యో, నోరు తెరిచి అడిగింది గుప్పెడు మట్టే కదా అని నాగకుమారి నొచ్చుకుంది. అటూ ఇటూ చూసి, ఏటి ఒడ్డు మన్ను గుప్పెడు తీసి రుమాలులో మూట కట్టింది. మన్ను మన్నే కదా, దాని మీద పేరు రాసుంటుందా అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

మర్నాడు ముత్తవ్వ ఆ మూట రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది.

"నిజంగ ఆడిదేనా అమ్మ?"

"ఆఁ, అక్కడిదే."

మూట రొంటిన దోపుకుని ముత్తవ్వ ప్రయాణం బట్టలు ముందేసుకుంది.

"ఈ చీరకు ఎర్రమన్ను బాగ పట్టింది. పోతలేదు."

"కొత్త చీర ముత్తవ్వా. గట్టిగా బాదు."

బాదింది. ఎర్రనీళ్లు పెరటి బోదె కాలువలో పడి పారిపోయాయి.

తర్వాత కొన్నాళ్లు ముత్తవ్వ పనిలోకి రాలేదు. ఒక పొద్దున గేటు అవతల నిలబడి పిలిచింది. నుదుట బొట్టు లేదు. చేతులు బోసిగా ఉన్నాయి.

"ఏమైంది ముత్తవ్వా? లోపలికి రా."

"పొద్దుగాల పొద్దుగాల నా అసొంటిది ఇంట్లకు రావద్దమ్మ. చెప్పిపోదామని వచ్చిన."

"మీ ఆయన..."

"తెల్లోళ్లను ఎల్లగొడ్తమని, చెరుకు బండి ఇడిసి జెండా పట్టుకొని గోవకు పోయిండు. పొలిమేరలనే కాల్చిండ్రు. పీనుగ గూడ చేతికి రాలే. పడ్డ జాగల మన్నన్న తెస్తే కర్మ చేయిస్త అన్నడు అయ్యగారు. గోవ పోయెటోళ్లు నాకేడ దొరుకుతరు? కర్మ కాక బొట్టెట్ల తీద్దు? మంది నోటికొచ్చినట్టు అన్నరు. అననిచ్చిన."

నాగకుమారి గేటు దగ్గరకు వచ్చింది.

"నిన్న మంజీర కాడ పిండం పెట్టి, నువ్వు తెచ్చిన మన్ను నీళ్లల్ల కలిపిన. అయ్యగారు పేరు చెప్పుమంటే, మొదటిసారి నా నోటితోని చెప్పిన. రాజలింగు అని."

ముత్తవ్వ చేతులెత్తి దండం పెట్టింది.

"నా పెనిమిటిని ఇంటికి తెచ్చినవమ్మ. నీ కడుపు సల్లగుండాలె."

నిజం చెబితే ఆమె గుండె పగులుతుంది. ముత్తవ్వ సందు మలుపు తిరిగాక నాగకుమారి లోపలికి పరుగెత్తి, పెట్టెలోంచి ఆ తెల్లచీర లాగి, అంచు ఒళ్లో పరుచుకుని ఏడుస్తూ వెతికింది.

రాజలింగు ఒరిగిన చోటి ఎర్రమన్నును ముత్తవ్వే తన చేతులతో బాది బాది, ఒక్క రవ్వ మిగలకుండా బోదెలోకి వదిలేసింది.