పక్కకే ఆడే పీత

చెరువు పక్క బయల్లో వెలగకాయతో ఫుట్‌బాల్ మ్యాచ్ హోరాహోరీగా సాగుతోంది. మన జట్టుకి మధ్యలో ఆడేది ముసలి పీత. ఈ ఏడు దాని ఆట బాగా పడిపోయింది. దాన్ని తమకిచ్చెయ్యమని అడగడానికి దిగువ చెరువు జట్టు లకుముకి పిట్టను పంపింది. అది గట్టు మీద వాలి ఆట చూస్తోంది.

"ఇచ్చేద్దాంరా! ముందుకొక్క అడుగెయ్యడు, ఎంతసేపూ పక్కకే!" అని అరిచింది గట్టు మీంచి ఆట చూస్తున్న గోదురు కప్ప.

"నోర్ముయ్! పోయినేడు ఫైనల్ గెలిపించిందెవడు?" అంటూ మీదికి దూకింది పచ్చ కప్ప.

"అది పోయినేడు! ఇప్పుడు నాలుగడుగులేస్తే ఆయాసం!"

గట్టు మీది కప్పలన్నీ రెండుగా చీలి, ఆటకి వీపు పెట్టి మరీ కొట్లాడుకున్నాయి. లకుముకి మాత్రం ఆట మీంచి చూపు తిప్పలేదు.

ఆట ఇక ముగుస్తుందనగా వెనక నుంచి "గోల్!" అని కేక. అన్నీ గిర్రున తిరిగాయి. మన ఉడుత గోల్ దగ్గర పిల్లిమొగ్గలేస్తోంది.

"గెలిచాం! గెలిచాం! ఇంతకీ ఉడుతకి కాయ అందించిందెవరు?"

ఒక్క కప్పా చూళ్లేదు.

"ఎవరైతేనేం, ఆ ముసలోడు మాత్రం కాదు!" అంది గోదురు కప్ప. ఈసారి పచ్చ కప్ప కూడా తలూపింది. అన్నీ లకుముకి వైపు చూశాయి.

"నేనూ చూళ్లేదండీ," అంది లకుముకి, పీత మీంచి చూపు తిప్పకుండానే. "ఆయన్ని ఇప్పుడే తీసుకెళ్లిపోవచ్చా?"