గుడ్డ చుట్టిన కోలలు

చీకటి పడ్డాక, భువనగిరిలోని కిరాయి ఇంట్లో ప్రవళిక ఒక్కతే కెమెరాలు సర్దుతోంది. ఒకటి బీరువా మీద, ఇంకొకటి కిటికీలో. మనిషి కదలికలను పట్టి కంప్యూటర్లో బొమ్మను ఆడించే కెమెరాలవి. మెరిసేదేదీ వాటికి గిట్టదు. అందుకే అద్దం మీద దుప్పటి కప్పింది. నున్నటి కోలాటం కోలలకు పాతచీర పేలికలు చుట్టింది.

ఆమె భర్త నరేష్ హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని, తన తెర మీద ఈ గదిని చూస్తూ ఫోన్లో చెబుతున్నాడు.

"కిటికీల దాన్ని జర కిందికి వంచు. పూజ ఆడినప్పుడు కాళ్లు మంచిగ కనవడ్డయి."

మళ్లీ పూజే. ఆఫీసులో ఆ పిల్ల కోలాటం ఆడిన నాటి నుంచి, అన్నం ముందు కూర్చున్నా ఇతనికి ఆమె ఊసే. ఈ రాత్రితో ఆ పేరు మరిపించాలని ప్రవళిక కొంగు బిగించింది.

ఎదురుగా జోడీ ఉన్నట్టు ఊహించుకుని కోల విసిరింది.

గాలిలో టక్కుమంది.

గుడ్డ చుట్టిన కోల అట్లా మోగదు. ప్రవళిక చేతులు ఆగిపోయాయి. చప్పుడు మాత్రం ఆగలేదు. టక్, టక్ అంటూ ఆమె చుట్టూ తిరుగుతోంది.

"ఈడికి పూజను పంపినవా?" అంది ఫోన్లో.

"పూజ నా పక్కనే ఉన్నది."

అతని తెర మీద మాత్రం ప్రవళిక బొమ్మకు ఎదురుగా ఇంకో ఆడబొమ్మ కోలలు ఆడుతోంది. నరేష్ దాన్నే చూస్తున్నాడు.

"అబ్బ, ఏం ఆట!" అన్నాడు చివరికి, మైమరిచి. "ప్రవళికా, నువ్వు జర పక్కకు జరుగు. ఆమెను ఆడనియ్యి."