దినాల పత్రికకు గంతులేసే అక్షరాలు

తెల్లవారినప్పటి నుంచి మబ్బు కమ్ముకునే ఉంది కాని చుక్క రాలలేదు. బాన్సువాడ బస్టాండు ఎదుట డీటీపీ దుకాణం షటరు సగం లేచిందో లేదో, హన్మాండ్లు వంగి లోపలికి దూరాడు. చేతిలోని పెద్దకర్మ పత్రికను కంప్యూటరు ముందు విసిరాడు.

"విజయ్‌కుమారూ, గిదేంది?"

"మీ అవ్వ దినాల పత్రిక, అన్నా."

"గది నాకెరుక లేదా? గీ రాత ఎవలిది?"

'కీర్తిశేషులు కనకవ్వ' అన్న అక్షరాల్లో ఒకటి పైకి ఎగిరింది, ఒకటి కిందికి జారింది. బడిపిల్ల బొగ్గుతో గోడ మీద గీసినట్టున్నాయి. అడుగున 'ఇట్లు, కొడుకులు హన్మాండ్లు, అంజయ్య' అన్న పేర్లు చిన్ననాటి అన్నదమ్ముల్లా పక్కపక్కనే గంతులేస్తున్నాయి. తేదీ, వేళ మాత్రం మామూలు అచ్చులో బుద్ధిగా నిలబడ్డాయి.

"చేతిరాత గాదన్నా. కంప్యూటర్ల ఉన్న అక్షరాలే. పుట్టినరోజు కార్డులకు, ఐస్‌క్రీం బండ్లకు వాడుతం."

"మరి సావుకెట్ల వాడినవ్? ఊరంత నవ్వవట్టె!"

విజయ్‌కుమార్ తల వంచుకుని కీబోర్డు మీది దుమ్ము తుడిచాడు.

"నీ అంతట నువ్వు చేసే పని గాదిది. ఎవలు జెప్పిన్రు? మా తమ్ముడేనా?"

ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. అంజయ్య తల్లితో, అన్నతో తగవుపడి బిచ్కుందకు వెళ్లి రెండేళ్లయింది. చావుకు వచ్చాడు. పత్రికల పని తానే మీదేసుకున్నాడు. కంటతడి మాత్రం పెట్టలేదు.

"ప్రూఫ్ మీద సంతకం లేనిది నువ్ అచ్చెయ్యవు గద? తియ్ ప్రూఫ్."

"ఉన్నది. గిప్పుడు చూపెట్ట. మాటిచ్చిన. మీ ఇద్దరు దినాల బువ్వ తిన్నంక చూపెడత."

హన్మాండ్లు అనుమానం గట్టిపడింది. ఇంటికి వచ్చి తమ్ముణ్ణి వాకిట్లోనే పట్టుకున్నాడు.

"బతికుండంగ పలకరించకపోతివి. సచ్చినంక నవ్వులపాలు జేస్తివి గదరా!"

"నాకేమెరుక అన్నా? నేను తారీకు జెప్పి వచ్చిన. మిగిలింది విజయ్‌కుమారే సూసుకుంటనన్నడు."

"ప్రూఫ్ మీద నీ సంతకం కనవడ్డదనుకో, ఇగ నా గడప తొక్కకు. నువ్వెవనివో, నేనెవన్నో."

అంజయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పక్కకు తప్పుకున్నాడు. అది కూడా హన్మాండ్లుకు నేరం ఒప్పుకున్నట్టే కనిపించింది.

ఆరు రోజులు ఇద్దరి మధ్య మాట లేదు. దినాల నాడు మాత్రం బంతిలో పక్కపక్కన కూర్చోక తప్పలేదు. ఎదుటి విస్తరి ముందు విజయ్‌కుమార్ కూర్చున్నాడు. ముగ్గురూ తలలెత్తకుండా తిన్నారు. అన్నదమ్ముల చివరి ముద్దలు అయ్యేదాకా చూసి, విజయ్‌కుమార్ ఎడమచేత్తో జేబులోని మడత కాగితం తీసి, ఇద్దరి విస్తళ్ల మధ్య పరిచాడు.

అదే పత్రిక, అవే అక్షరాలు. తేదీ ఉండాల్సిన చోట ఖాళీ.

సంతకం చోట కనకవ్వ వేలిముద్ర ఉంది.