రొట్టె అంచులు

సాయంత్రమైతే చాలు, మామ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, కుర్చీ ఈడ్చుకుంటూ బాల్కనీలోకి వెళ్ళేది.

"ఈ చలిగాలిలో ఎందుకత్తయ్యా? లోపల కూర్చుని మాట్లాడండి," అనేది కోడలు, రోజూ.

"లోపల సిగ్నలు అంది చావదే," అనేది మామ్మ, రోజూ.

అంతటితో ఆ మాట అయిపోయేది. వాదించే ఓపిక ఇద్దరికీ లేదు. కొడుకు డ్యూటీ మీద వెళ్ళి ఏదో ఊళ్ళో చిక్కుకుపోయాడు. వీధిలో నరమానవుడు లేడు. కింద క్షౌరశాల షట్టరు తుప్పు పడుతోంది. అంబులెన్సు కూత వినబడితే అత్తాకోడళ్ళు చేతిలో పని ఆపి, అది తమ వీధి దాటేదాకా ఊపిరి బిగబట్టి, మళ్ళీ పనిలో పడేవారు.

ఫోను పిచ్చుక దగ్గర్నుంచి. మనవరాలికి ఆ ముద్దుపేరు పెట్టింది మామ్మే, ఒకచోట కాలు నిలవదని. చదువుకోవడానికి యూరప్ వెళ్ళిన పిల్ల, సెలవులివ్వగానే వీపుకో సంచీ తగిలించుకుని రైళ్ళెక్కింది. చూడబోయే ఊళ్ళన్నిటికీ వెళ్ళే ముందే మామ్మ గదిలో గోడ మీది మ్యాపులో గుండుసూదులు గుచ్చింది. మామ్మ బడి మొహం చూడకపోయినా కూడబలుక్కుని చదవడం నేర్చిన మనిషి. నోరు తిరగని ఆ పేర్లు ఒక్కొక్కటే చదివి, పిల్ల ఒక ఊరు దాటగానే ఒక సూది పీకేది. నాలుగో ఊళ్ళో ఉండగా లోకం మీద ఈ అంటుజబ్బు వచ్చి పడింది. సరిహద్దులు మూసేశారు. రైళ్ళు ఆగాయి. విమానాలు కూడా ఒక్కొక్కటే ఆపేస్తున్నారన్నారు. మిగిలిన సూదులు గోడకి అలాగే ఉండిపోయాయి.

"హాస్టల్లో ఇరుక్కుపోయాను మామ్మా. గది గడప దాటనివ్వరు," అంది పిచ్చుక. అని దగ్గింది.

మామ్మ ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

మనుషుల్ని వదిలి ఉండటం మామ్మకి ఎప్పుడూ చేతకాలేదు. పిచ్చుక విమానమెక్కిన రోజు అద్దాల తలుపు దగ్గర కాపలావాడితో దెబ్బలాడి, కోడలు రెక్క పట్టుకుని లాగితే గానీ కదల్లేదు. కొడుక్కి చిన్నప్పుడు అంటుజబ్బు చేస్తే, దూరంగా ఉండమన్న డాక్టర్ని నాలుగు తిట్టి, వాడి పక్కనే పడుకుని ఆ జబ్బు తనూ తెచ్చుకుంది. ఇప్పుడావిడ ఊపిరితిత్తులు సగమే పనిచేస్తున్నాయి. ఇది గనక సోకితే ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు ఆవిడ ఎదుటే చెప్పేశాడు.

తన గురించి బెంగ లేదు మామ్మకి. ఒంట్లో బాగాలేని పిల్ల, ఒక్కర్తే, ఒక గదిలో. తలెత్తి మంచినీళ్ళు తాగించే దిక్కు లేదు. అదీ బెంగ.

"జ్వరం ఉందా తల్లీ?"

"అబ్బే. చలి దేశం కదా, గొంతు పట్టేసింది."

"కిటికీ వేసుకోవూ?"

"కిటికీ ఒక్కటేగా నాకు కాలక్షేపం! ఎదురు బాల్కనీలో ఒక దొరసాని ముసలావిడ కూర్చుంటుంది మామ్మా. మహా మొండి ఘటం. ఇంత చలిలో చెవులకి గుడ్డముక్కయినా చుట్టుకోదు."

"చెప్పేవాళ్ళు లేరేమో పాపం."

"చెప్తే మాత్రం వింటారా ముసలాళ్ళు?" పిచ్చుక నవ్వబోయి, మళ్ళీ దగ్గింది.

మర్నాడు మామ్మ కొడుకు మఫ్లరు చెవులకి బిగించి మరీ కూర్చుంది. ఇప్పటికైనా బుద్ధొచ్చిందనుకుంది కోడలు.

కోడలికీ ఈ రోగాల రోజుల్లో కొత్త గుణమొకటి పట్టుకుంది. అగ్గిపుల్ల అడిగినా మొహం ముడుచుకునే మనిషి, ఎదురు మేడ మీద అద్దెకుండే నర్సుకి పూటపూటా క్యారియరు సర్ది వాచ్‌మన్ చేత పంపిస్తోంది.

"ఆస్పత్రిలో అంత చాకిరీ చేసొచ్చి ఏం వండుకుంటుంది లెండి, పాపం," అంది, అడక్కుండానే.

"మంచి పనే. రొట్టె అంచులు కోసి పెట్టు."

కోడలి చేతిలో గరిటె ఆగింది. "ఆవిడకి అంచులు పడవని మీకెవరు చెప్పారు?"

"రోజంతా నిలబడి చేసేవాళ్ళకి నమిలే ఓపిక కూడానా?"

కోడలు చాకు అందుకుంది.

తర్వాత కొన్నాళ్ళు పిచ్చుకకి గొంతు బొత్తిగా పెగల్లేదు. "మాట్లాడకు. ఊరికే ఫోను పట్టుకుని ఉండు చాలు," అంది మామ్మ. అటు ఆ పిల్ల ఆయాసం, ఇటు ఈవిడ ఆయాసం. వేళ్ళు కొంకర్లు పోతున్నా మామ్మ లేవలేదు. వంటింట్లో కోడలు కుళాయి తిప్పి ఆ చప్పుడు చాటున ఏడ్చింది. మామ్మ విని కూడా ఎందుకని అడగలేదు.

ఓ పూట క్యారియరు పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది.

"నర్సమ్మకి సయించలేదేమో. పల్చగా సూపు కాచి పంపు," అంది మామ్మ. "ఉప్పు తగ్గించు. నోరు పూసి ఉంటుంది."

సూపు గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. మర్నాడు రొట్టె కూడా. ఒక్కొక్క రోజూ ఈడ్చుకుంటూ గడిచింది. దగ్గు సన్నగిల్లింది. ఒక సాయంత్రం ఫోనులో మళ్ళీ పాత గొంతు గలగలమంది.

"మామ్మా! విమానం దొరికింది. ఎల్లుండి పొద్దున్నకి నీ ముందుంటా!"

మామ్మ మఫ్లరు అంచుతో ముక్కు తుడుచుకుంది.

"నీ ఊళ్ళన్నీ మిగిలిపోయాయే పిచ్చి మొహమా."

"ఉండనీ. సూదులు మాత్రం పీకకు, మళ్ళీ వెళ్తాగా. ఉంటా మరి, సర్దుకోవాలి."

"జాగ్రత్తగా రా తల్లీ. బోలెడంత దూరం."

మామ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని, నర్సు ఏనాడో పెట్టే బేడా సర్దుకుని ఖాళీ చేసిపోయిన ఎదురు మేడ గది కిటికీలో పిచ్చుక కూడా ఫోను దించి, తెర లాగి, లైటు ఆర్పుకునేదాకా, రోజూలాగే ఏమీ చూడనట్టు కింద వీధి వంకే మొహం పెట్టుకుని కూర్చుంది.