అద్దెకు లేని మేడ

"మీ ఇన్‌కమ్ టాక్స్ రిఫండు గురించండీ. మీ బ్యాంకు అకౌంటు..."

ఫోన్‌లో అకౌంటు అన్న మాట చెవిన పడగానే ఫొటోగ్రాఫర్‌కి ఒళ్ళు మండిపోయింది.

"ఏరా, మళ్ళీ తయారయ్యావా?"

పోయినేడు ఇలాగే ఒకడు రిఫండు వేస్తానని తియ్యగా మాట్లాడి, ఖాతా మొత్తం ఊడ్చుకుపోయాడు. ఆ కసితో ఫొటోగ్రాఫర్ ఆ ఖాతానే మూసేసి, వేరే బ్యాంకులో కొత్తది తెరిచాడు.

"నేను మీ నంబర్లేవీ అడగట్లేదు బాబూ. నమ్మకం లేకపోతే ఒక్కసారి ఆఫీసుకొచ్చి..."

"వస్తా. నీ అంతు చూడ్డానికే వస్తా!"

ఫోన్ పెట్టేశాడు.

అసలే మనసు బాగాలేదు. పెళ్ళిళ్ళు తీసే కెమెరా తాకట్టులో ఉంది. నెలాఖరులోగా విడిపించకపోతే అమ్మేస్తానని తాకట్టు వ్యాపారి తెగేసి చెప్పాడు. రిఫండు వస్తే కెమెరా ఇంటికొస్తుంది. అదేమో ఎంతకీ రాదు.

మర్నాడు మళ్ళీ అదే నంబరు.

"కోప్పడకుండా కాస్త వినండి బాబూ..."

ఈసారి వాడి వంశాన్నంతా తలుచుకుని తిట్టాడు. అయినా కసి తీరలేదు.

"ఆ నంబరు బ్లాక్ చేసి ఊరుకోరాదూ?" అంది భార్య.

"ఊరుకుంటే ఇంకొకడి కొంప ముంచుతాడు. వీడికి చుక్కలు చూపిస్తాను చూడు."

కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఎప్పుడో తాను తీసిన అందమైన మేడ ఫొటో వెతికి పట్టుకున్నాడు. పైన 'ఇల్లు అద్దెకు' అని, కింద నమ్మలేనంత తక్కువ అద్దె, ఆ కింద వాడి నంబరు. 'ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు' అని కూడా చేర్చి, తానున్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాడు.

సాయంత్రం తనే ఆ నంబరు నొక్కి చూశాడు. బిజీ.

కాసేపాగి నొక్కాడు. బిజీ.

"చావు!" అని కడుపారా నవ్వుకున్నాడు. చాన్నాళ్ళకి ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

నెలాఖరు వచ్చింది. రిఫండు రాలేదు. తాకట్టు వ్యాపారి కెమెరాను ఎవరికో అమ్మేశాడు.

మర్నాడు ఫొటోగ్రాఫర్ పళ్ళు నూరుకుంటూ పన్ను ఆఫీసుకు వెళ్ళాడు. హాలు కిటకిటలాడుతోంది. నిలబడి నిలబడి కాళ్ళు పీక్కుపోయాక అతని వంతు వచ్చింది.

కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్ చూసింది.

"మీ డబ్బు ఎప్పుడో పంపాం సార్. మీ పాత అకౌంటు మూసేసి ఉంది, తిరిగొచ్చేసింది. కొత్త అకౌంటు ఇచ్చుంటే ఈపాటికి పడిపోయేది."

"ఆ ముక్క నాకెవరు చెప్పాలి?" అని బల్ల గుద్దాడు.

"మా పెద్ద గుమస్తాగారు చెప్పే ఉంటారే! అది ఆయన పని కాదు. అయినా ఇలా ఆగిపోయిన వాళ్ళందరికీ సొంత ఫోన్ నుంచి చేసి, ఇంట్లోంచే అకౌంటు ఎలా మార్చుకోవాలో చెప్పేవారు." ఆ అమ్మాయి మూల బల్ల వైపు చూసి గొంతు తగ్గించింది. "ఎవడో పుణ్యాత్ముడు, ఇల్లు అద్దెకని ఆయన నంబరు ఊరంతా పంచాడు. వచ్చిన ప్రతి ఫోనుకీ ఇల్లు లేదని చెప్పి చెప్పి విసిగిపోయి, చివరికి ఆ నంబరే తీసేశారు."

ఫొటోగ్రాఫర్ బల్ల మీంచి చెయ్యి తీసేశాడు.

మూల బల్ల దగ్గర తెల్లజుట్టు మనిషొకాయన తలొంచుకుని పని చేసుకుంటున్నాడు. తలెత్తి చూస్తాడేమోనని ఫొటోగ్రాఫర్ మొహం తిప్పుకున్నాడు.

"ఏంటి... ఇవాళ ఇంతమంది జనం?" ఏదో ఒకటి అనాలని అన్నాడు.

"ఆయన ఫోన్లు చేసినన్నాళ్ళూ ఈ హాలు ఖాళీగానే ఉండేది సార్" అంది ఆ అమ్మాయి.