పుడింగ్ అంటే ప్రాణం

"గుణం నచ్చకపోతే సోమవారం వెనక్కి పంపేస్తా. ముందే చెప్తున్నా" అన్నాడు బ్లూ.

వరండాలో కాళ్లు తుడుచుకునే పట్టా మీద పగ్ కుక్క గురక పెడుతోంది.

నోరీన్ స్కూలు క్యాంటీన్‌లో పని మానేశాక పగలంతా ఆ ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప మరోటి లేదు. కుక్క కావాలని ఏడాదిగా అడుగుతోంది. చక్కెర మిల్లులో చేసి రిటైరైన మొగుడు బ్లూకి కుక్కలు పడవు. చివరికి సోమవారం దాకా చూద్దామని ఒప్పుకున్నాడు.

దిక్కులేని కుక్కలకు ఇళ్లు చూసిపెట్టే గ్లెండా టౌన్స్‌విల్ పట్నం నుంచి ఫోన్ చేసింది. మగ పగ్, పేరు బ్లాకీ, శుక్రవారం తెచ్చి దింపుతానంది. తాము ఇంట్లో లేకపోతే ఆవరణలో వదిలి వెళ్లమన్నాడు బ్లూ. శుక్రవారం క్లబ్బులో మాంసం బహుమతిగా ఇచ్చే లాటరీ ఆడి ఇద్దరూ వానలో తడిసి వచ్చేసరికి గేటు తీసి ఉంది. పగ్ వరండాలో ఉంది.

"బ్లాకీ అన్నారు కదా. ఇదేంటి, పాలకోవా రంగులో ఉంది?" అంది నోరీన్.

"నా జుట్టు ఏం రంగు?"

"ఉన్నప్పుడు ఎరుపు."

"ఊరంతా నన్నేమంటుంది?"

"బ్లూ."

"పక్కింటి గుండోణ్ణి?"

"కర్లీ. ఉంగరాల జుట్టోడని."

"మరి తెల్ల కుక్క బ్లాకీ కాక ఇంకేమవుతుంది? పేరు పెట్టినోడెవడో మనోడే."

నోరీన్ నవ్వింది. అక్కడితో ఆ సంగతి తేలిపోయింది.

పరీక్ష మొదలైంది.

బ్లాకీ అని పిలిస్తే చెవి కూడా కదపడు. "చెవుడు" అన్నాడు బ్లూ. "పొగరు" అంది నోరీన్ ముద్దుగా.

వాడు వెళ్లి బ్లూ కుర్చీ ముందున్న ఫ్యానుకి అడ్డంగా పడుకున్నాడు. బ్లూ ఫ్యాను జరిపాడు. వాడూ జరిగాడు.

కర్లీ వచ్చి ఫ్రిజ్ తెరిచి బీరు తీసుకున్నా మొరగలేదు.

"కాపలాకి పనికిరాడు" అన్నాడు బ్లూ.

"నీ బీరుకి కాపలా పెట్టుకోడానికా తెచ్చుకుంది?"

అసలు దుర్గుణం శనివారం సాయంత్రం బయటపడింది. చెరకు తోట అవతల, జనం బండి ఇళ్లలో కాపురముండే కారవాన్ పార్కుకి పోయే దారిలో, ఎవరో ముసలామె డబ్బా గలగలలాడిస్తూ "పుడింగ్... పుడింగ్..." అని కేకేసుకుంటూ వెళ్లింది. అంతే, వాడు లేచి దోమల జాలీ తలుపు గీకడం మొదలుపెట్టాడు. కుయ్యోమని ఒకటే ఏడుపు.

"తిండిపోతు" అన్నాడు బ్లూ. "అయినా ఈ వానలో పుడింగ్ ఎవరు కొంటారు? పిచ్చి మనిషి."

ఆదివారమూ ఆమె వచ్చింది. గొంతు బొంగురుపోయింది.

"పాపం, ఒక్కటీ అమ్ముడుపోయినట్టు లేదు" అంది నోరీన్.

వాడి ఏడుపు ఆగలేదు. బ్లూ కాసేపు టీవీ గొంతు పెంచి చూశాడు. తర్వాత గొడుగు తీసుకుని బయల్దేరాడు. దారిలో ఆమె కనబడలేదు. దుకాణంలో పుడింగ్ డబ్బా కొనుక్కొచ్చాడు.

"వాడికేనా?"

"నాకు."

రెండు గిన్నెల్లో వేశాడు. వాడు రెండు నాకులు నాకి మళ్లీ తలుపు దగ్గరికే పోయాడు.

"ఆమె చేసిందే కావాలి కాబోలు దొరగారికి" అన్నాడు బ్లూ.

సోమవారం పొద్దున నోరీన్ కుక్క దుప్పటి మడిచి గుమ్మం పక్కన పెట్టింది. సాయంత్రం దాకా ఆగి, ఇక ఆగలేక అడిగింది.

"పంపేస్తావా?"

బ్లూ ఒడిలో పగ్ ఉంది. ఎప్పుడెక్కాడో ఎక్కాడు.

"చెవుడు. తిండియావ. గురక. పైగా నా ఫ్యాను లాగేసుకున్నాడు."

"అయితే?"

"అయితే ఏముంది. అలాంటోడితో నలభై ఏళ్లు వేగావు. ఇంకోడు నీకో లెక్కా?"

నోరీన్ వెళ్లి దుప్పటి విప్పి పరిచింది. మొహం అటు తిప్పుకుని పరిచింది.

శుక్రవారం వానకి చచ్చిపోయిన ఫోన్ అప్పుడే బాగైంది. బ్లూ తనే గ్లెండాకి చేశాడు. అవతల మోగుతుండగా ముసలామె కేక మళ్లీ వినబడింది. ఈసారి తోటకి ఇవతల, గేటుకి దగ్గరగా. ఒడిలో వాడు నిక్కి కూర్చున్నాడు.

"ఉండరా. ఇవాళ ఆమె దగ్గరే కొంటాలే" అని వాడి వీపు నిమిరి, ఫోన్‌లో అన్నాడు. "గ్లెండా, బ్లాకీని మేం ఉంచేసుకుంటున్నాం."

"చూడకుండానే ఒప్పుకున్నారా, ఎంత మంచి మనసండీ మీది" అంది గ్లెండా, "శుక్రవారం వంతెన మునిగి సగం దారిలోంచి వెనక్కొచ్చేశాను, నీళ్లు తీయగానే తెచ్చేస్తాను, ఇదిగో నా కాళ్ల దగ్గరే ఉన్నాడు మీ బ్లాకీ, బొగ్గుముక్కలా నిగనిగలాడుతూ."