ఆఖరి పేజీలు చూసే మనిషి

"ఏయ్ పెద్దాయనా! ఆ పుస్తకం కింద పెట్టు!"

త్రినాథరావు అరుపుకి షేక్‌పేట రోడ్డు మీద సోడా తాగుతున్నవాళ్లంతా తిరిగి చూశారు.

రాజమ్మ పాతపుస్తకాల కుప్ప ముందు గొంతుక్కూర్చున్న ముసలాయన మాత్రం తలెత్తలేదు. డిటెక్టివ్ నవలని వెనకవైపు నుంచి తెరిచి, ఆఖరి పేజీలు చూస్తున్నాడు.

త్రినాథరావు చాలా ఆదివారాలుగా గమనిస్తున్నాడు. ఎప్పుడూ ఇదే వరస. ఒక్క పుస్తకమూ మొదటి నుంచి చూసిన పాపాన పోడు.

హంతకుడెవరో ముందే చూసేసుకునేవాడూ, విస్తట్లో అన్నం వదిలేసి పాయసం నాకి లేచిపోయేవాడూ ఒకటే. పైగా పైసా ఖర్చు లేకుండా!

త్రినాథరావు సినిమావాళ్ల వ్యాను డ్రైవరు. వారమంతా ఫిల్మ్‌నగర్ నుంచి జూబ్లీహిల్స్ గెస్ట్‌హౌసులకి కథాచర్చల మేధావులని మోస్తాడు. నెలల తరబడి బిర్యానీలు మింగినా ఒక్క క్లైమాక్సు తేల్చలేని మేధావులు! వాళ్లు లోపల తింటుంటే ఇతను వ్యాన్లో కూర్చుని డిటెక్టివ్ నవలల్లో హంతకుల్ని పట్టుకుంటుంటాడు.

టీవీలొచ్చి అద్దె లైబ్రరీలు మూతపడుతున్న రోజులవి. ఆ పుస్తకాలన్నీ తూకానికి వచ్చి రాజమ్మ కుప్పలో పడేవి. వంద చేతులు మారిన పుస్తకానికి ముందు ఊడేవి ఆఖరి పేజీలే.

కానీ రాజమ్మ దగ్గర ఒక విశేషం ఉంది. పేజీలు ఊడినచోట ఎవరో తెల్లకాగితాల మీద ముగింపు గుండ్రంగా రాసి, దారంతో కుట్టి ఉంచేవారు. పూర్తి పుస్తకం దగ్గరున్నవాడెవరో చూసి రాసి పుణ్యం కట్టుకుంటున్నాడనుకునేవాడు త్రినాథరావు.

ఇప్పుడు ముసలాయన చేతిలో ఉన్నది 'ఎర్ర అంబాసిడర్'.

త్రినాథరావు ఏళ్లుగా వెతుకుతున్న నవల. సగంలో ఉండగా బావమరిది పట్టుకెళ్లి రైల్లో వదిలేశాడు. ఆ కారు డిక్కీలో శవాన్ని పెట్టిందెవరో తెలియక త్రినాథరావు ప్రాణం ఇప్పటికీ కొట్టుకుంటోంది.

ముసలాయన దాన్ని సంచిలో పెట్టుకోబోయాడు.

త్రినాథరావు లాగేసుకున్నాడు.

"అది ఇప్పుడొద్దు నాయనా. వచ్చే ఆదివారం నేనే తెచ్చిస్తాను."

"నువ్వు తెచ్చిచ్చేదేంటి? ఆఖరి పేజీ చూసేశావుగా, ఇంకా దీంతో నీకేం పని?"

"అందుకే చెబుతున్నా. దీని చివర్లో..."

"ఆపు! చివర్లో ఏముందో చెప్పావంటే మర్యాదగా ఉండదు!"

"అది కాదు బాబూ, చివర..."

త్రినాథరావు పుస్తకాన్ని చంకలో ఇరికించుకుని రెండు చెవులూ మూసుకున్నాడు.

"కాటికి కాళ్లు చాపుకుని కూడా పక్కవాడి సరదా చెడగొట్టే బుద్ధి పోలేదా? కొనే మొహమేనా అది? ఇంకోసారి ఈ కుప్ప దగ్గర కనబడితే కాళ్లు విరగ్గొడతా!"

ముసలాయన లేచాడు. ఖాళీ సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

టీకి వెళ్లిన రాజమ్మ ఇంకా రాలేదు. త్రినాథరావు డబ్బులు ఆమె తక్కెడలో పెట్టి ఇంటికి పరిగెత్తాడు.

ఆ రాత్రి డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. "హంతకుడు మన మధ్యే ఉన్నాడు" అన్నాడు.

పేజీ తిప్పితే అట్ట.

అచ్చూ లేదు, చేతిరాతా లేదు.

మర్నాడే రాజమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"చివరి పేజీలు లేని పుస్తకం అంటగడతావా నాకు?"

"నేనా? పరబ్రహ్మం తాత చేతిలకెల్లి గుంజుకపోయింది నువ్వు గాదూ? సోడాబండాయన అంత జెప్పిండు."

"ఆయనకేంటి సంబంధం?"

"పేజీలు లేనియి ఏరుకపోయి, రాసి, కుట్టి తెస్తుండె గదా. సదివెటోళ్లు నడుమల ఆగిపోతే పాపం అంటుండె."

త్రినాథరావు పుస్తకాన్ని మెల్లగా సంచిలో పెట్టుకున్నాడు.

"ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడన్న అడిగినవా? దొరికిందే సందని సంకల వెట్టుకుని ఉరుకుతుంటివి."

ఆ తర్వాత ప్రతి ఆదివారం త్రినాథరావు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. పుస్తకం సంచిలోనే పెట్టుకుని, క్షమాపణ నోట్లోనే పెట్టుకుని.

ఎండలు ముదిరాక రాజమ్మే చెప్పింది.

"ఇగ రాడు సారూ. తాత పోయిండంట. మోతీనగర్ల కిరాయి అర్రల ఒక్కడే ఉంటుండెనట."

త్రినాథరావు సంచిలోని పుస్తకాన్ని తడుముకున్నాడు. పాపం, ఎంత ఓపిగ్గా చూసి రాసేవాడో అనుకున్నాడు.

వానాకాలంలో టోలిచౌకిలో 'ఏడో గది తాళం' దొరికింది. ఒక్క పేజీ పోని అచ్చు ప్రతి. అతని ఇంట్లో ఉన్నది ముసలాయన చేతిరాత కుట్టిన ప్రతి. ఆ ముగింపుకి అతను ఏడ్చాడు కూడా. జనాన్ని బతికించే డాక్టరే హంతకుడు, ఎందుకు చంపాడో తెలిశాక కోపం రాదు, కడుపు తరుక్కుపోతుంది.

ఆ ఏడుపు మరోసారి ఏడుద్దామని అచ్చు ప్రతిలో చివరి పేజీలు తెరిచాడు.

హంతకుడు ఎవడో దొంగ. అంతకుముందు కథలో ఎక్కడా లేనివాడు. నాలుగు ముక్కల్లో పట్టుకుని, సంకెళ్లు వేసి, శుభం.

"ఛీ! ఇదొక రాతా? జనాన్ని మోసం చెయ్యడానికి సిగ్గుండాలి!"

నకిలీ ప్రతి అయివుంటుందని ఇంటికెళ్లి రెండూ పక్కపక్కన పెట్టాడు. ఊడిన పేజీ దాకా అక్షరం తేడా లేదు. ఆ తర్వాత ఒక్క మాట కలవలేదు.

పట్టుదలగా తిరిగి మరో నవల అచ్చు ప్రతి సంపాదించాడు. అదీ అంతే.

తను ప్రాణం పెట్టి చదివిన ముగింపులు అచ్చులో ఎక్కడా లేవని, పరబ్రహ్మం దేన్నీ చూసి రాయలేదని, ఇన్నేళ్లూ తను ఆ కుప్పలో వెతుక్కుంటూ వచ్చిన రచయిత ఆయనేనని త్రినాథరావుకి అప్పుడు తెలిసింది.